బెల్లపు ఊట పారబోసిన చోట

"కోళ్ళు రాకుంటే నేనూ రాను. నువ్వూ నీ బిడ్డా పోయి ఆ బంగళాల ఉండుండ్రి," అంది ఇన్నమ్మ. తెల్లారినప్పటి నుంచి ఆమె ఆ మాట అనడం ఇది మూడోసారి.

జకర్యా పుస్తకాల పెట్టెకు తాడు బిగిస్తూ తల ఎత్తలేదు. "అది హాస్టలు బడమ్మా. హెడ్మాస్టరు గుమ్మంల కోళ్ళు తిరిగితే పిల్లలు ఏమనుకుంటరు?"

"గుడ్డు పెడితే బాగుండు అనుకుంటరు."

గోడకు ఆనుకుని కూర్చున్న ఆరాధన ఫక్కున నవ్వింది. "నానమ్మా, మనిద్దరం ఈడనే ఉందాం. నా టెన్తు నా పాత బడిలనే అయిపోతది."

"నువ్వు మధ్యల దూరకు," అన్నాడు జకర్యా. తర్వాత ముగ్గురూ కలిసి వంటింటి గడప వైపు చూశారు. అక్కడ ఫ్లోరెన్స్ యూనిఫాం బెల్టు పెట్టుకుంటూ నిలబడే టీ తాగుతోంది.

"నన్ను అడగొద్దు. నేను రావట్లేదుగా," అందామె.

నిజమే. భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు అడవి అంచున కట్టిన ఆ కొత్త బడి ఆవరణలో పోలీసు సీఐ కాపురం ఉండకూడదని డీఎస్పీ ముందే చెప్పాడు. కనుక ఫ్లోరెన్స్ భద్రాచలంలోని ఈ కిరాయి ఇంట్లోనే ఉంటుంది, ఆదివారాలు వెళ్ళివస్తుంది. మిగిలిన ముగ్గురూ రేపు లారీలో సామానుతో వెళ్ళాలి. సోమవారం బడి ప్రారంభం. జకర్యా దాని మొదటి హెడ్మాస్టరు. అందుకోసం ఏళ్ళ తరబడి చేసిన ఎయిడెడ్ బడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. రెండు వందల మంది గూడేల పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకుంటారని చెప్పేటప్పుడు అతని మొహం వెలిగిపోయేది.

ఆ బడి వెనక గోతిలోనే మంగళవారం ఒక మనిషి శవమై దొరికాడు. నిన్న సాయంత్రం ఆ ఫైలు ఫ్లోరెన్స్ చేతికి వచ్చింది.

"ఆ తాగి పడ్డోడి కేసేనా ఇవాళ?" అడిగాడు జకర్యా.

"తాగిండో లేదో ఇంకా తెల్వదు."

"డ్రమ్ములకు డ్రమ్ములు సారా కాసినోడు తాగకుంట ఉంటడా?" ముడి గట్టిగా లాగాడు. తాడు తెగింది.

ఫ్లోరెన్స్ గ్లాసు కడిగి బోర్లించి బయటకు నడిచింది. మొగుడికి సారా మాట ఎత్తితేనే గిట్టదు. ఇన్నమ్మ భర్త, అంటే అతని తండ్రి, గుడుంబా తాగి తాగి చనిపోయాడు.

*

స్టేషనులో మహబూబ్ అలీ బెంచీ కొసన కూర్చుని ఉన్నాడు. ఖమ్మంలో బెల్లం హోల్‌సేలు వ్యాపారి. కబురు అందగానే మొదటి బస్సు పట్టుకుని వచ్చాడు.

"చనిపోయిన క్రాంతికుమార్‌కు నల్లబెల్లం అమ్మింది నువ్వేనా?"

"నేనేనమ్మా. దాచేదేముంది? ఎక్సైజోళ్ళు దానికే కదా నా మీదా కేసు రాసిండ్రు."

"నల్లబెల్లం గుడుంబాకు తప్ప దేనికి కొంటారు?"

"నేనూ గదే అడిగినమ్మా. అడిగితే డాక్టర్ క్రాంతి సాబ్ నవ్విండు. ఆయన పెద్ద చదువు చదివినోడు, నేల బాగుచెయ్యనీకి బడి కట్టే ట్రస్టోళ్ళు పెట్టుకున్నోడు. ఆ బడి జాగల ముందు పాత ఇంజన్ ఆయిలును మళ్ళ కాచే ఫ్యాక్టరీ ఉండేనట. ఏండ్ల తరబడి మడ్డి అంతా నేలలనే పోసిండ్రు. గడ్డి మొలవది, బోరు నీళ్ళల్ల కిరసనాయిలు వాసన. ఆ మడ్డిని తినే బాక్టీరియా ఉంటదట. కంటికి కనపడదు. ముందు బెల్లం నీళ్ళల్ల పెంచాలె, పెరిగినంక నేల మీద పోయాలె. ఆయిలే దానికి అన్నమట. తిని తిని నేలను మళ్ళ నేలగ చేస్తదట."

"నమ్మినవా?"

మహబూబ్ అలీ గడ్డం గోక్కున్నాడు. "అల్లా కసమ్, నమ్మలేదమ్మా. నా బెల్లం తిని నూనె తాగే పురుగేంది అని మా ఇంటామె ఫజిలత్‌కు చెప్పి నవ్విన. కానీ సాబ్ అబద్ధమాడే మనిషి కాదు."

"ఒక్క బెల్లం ఉంటే చాలా దానికి?"

"నీళ్ళు కావాలె, కొంచెం యూరియా కావాలె, గాలి తగిలేటట్టు మట్టి తిరగెయ్యాలె అనేటోడు. పసిపిల్లల లెక్క చూసుకోవాలె అనేటోడు."

ఫిబ్రవరిలో ఎక్సైజు వాళ్ళు దాడి చేసి ఆ డ్రమ్ములన్నీ పగలగొట్టారు. క్రాంతికుమార్‌ను గుడుంబా కేసులో లోపల వేశారు. బెయిలు మీద బయటికొచ్చి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఈ వారం మళ్ళీ ఎందుకు వచ్చాడో ఫైలులో ఎక్కడా లేదు.

"చివరిసారి ఎప్పుడు మాట్లాడినవు?"

"సోమవారం పొద్దుగూకినంక. దుమ్ముగూడెంల కాయిన్ బాక్సు నుంచి చేసిండు. పిల్లగాని లెక్క అరుస్తుండు. 'మహబూబ్ భాయ్, మళ్ళ బెల్లం కావాలె. ఈసారి పోలీసుల ముందరనే పోస్త' అన్నడు. నేను ఒద్దు సాబ్ అన్న. 'నువ్వు కళ్ళతోటి చూస్తే ఉత్తగనే ఇస్తవు' అన్నడు."

"ఏం చూస్తే?"

"అది చెప్పలే. పైసలు అయిపోయి ఫోను కట్టయింది." అతను బెంచీ మీద నుంచి లేచాడు. "చచ్చినోడు తాగుబోతని పేపర్ల రాసిండ్రమ్మా. చాయ్‌ల చక్కెర వద్దనేటోడు."

అతన్ని పంపించాక ఆమె ఏరియా ఆసుపత్రికి ఫోను చేసింది. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు రెండే ముక్కలు చెప్పాడు. చొక్కా నిండా సారా ఉంది, పొట్టలో చుక్క లేదు. తల వెనక ఎముక పగిలింది.

*

బడి ఆవరణకు చేరేసరికి ఎక్సైజు సీఐ రామ్‌చందర్ అక్కడే జీపుకు ఆనుకుని ఉన్నాడు. రావద్దని ఎవరూ చెప్పలేదు, రమ్మనీ ఎవరూ పిలవలేదు.

"మీకెందుకు శ్రమ మేడమ్? మా కేసుల ముద్దాయి, మా గుడుంబా, మా గొయ్యి. యాక్సిడెంటని రాసేస్తే సోమవారం రిబ్బను కత్తిరించుకుంటరు."

"గొయ్యి చూపించండి."

వెనక ప్రహరీ పక్కన, నడుంలోతు గొయ్యి. అడుగున నల్లటి మడ్డి, మెత్తగా, వడ్డించిన అంబలిలా. ఫ్లోరెన్స్ హెడ్ కానిస్టేబులు తుల్సీరాంను పిలిచి గడ్డపార దింపించింది. అడ్డం లేకుండా దిగిపోయింది. నాలుగు చోట్లా అంతే. రాయన్నది తగల్లేదు.

"ఇందుల పడితే తల వెనక ఎముక ఎట్ల పగులుతది రామ్‌చందర్ గారూ?"

"గట్టు తగిలి ఉంటది."

"గట్టు మీద నెత్తురు లేదు. మీరు సంతకం పెట్టిన పంచనామాలోనే ఉంది."

రామ్‌చందర్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

పక్కనే క్రాంతికుమార్ పాత రేకుల షెడ్డు. లోపల పారలు, గంపలు అన్నిటికీ నల్లమడ్డి ఎండి అట్టకట్టింది. ఒక్కటి మాత్రం తళతళలాడుతూ గోడకు వేలాడుతోంది. నేలలోకి దింపి మట్టి నమూనా తీసే ఇనుప గొట్టం. ఫ్లోరెన్స్ చేతిరుమాలుతో పట్టుకుని కొస వాసన చూసింది. సబ్బు వాసన.

"ఇంట్ల గిన్నెలు తోమినట్టు తోమిన్రు. అన్నీ మురికిగ ఉంటే ఇదొక్కటే ఎందుకు కడిగిన్రు?"

"శుభ్రమున్నోడేమో."

"శుభ్రమున్నోడు మిగతావి కూడ కడుగుతడు." ఆమె దాన్ని తుల్సీరాం చేతికి ఇచ్చి మూట కట్టించింది. ఆ ఇనుప గొట్టం పట్టుకున్నంతసేపూ బరువుకు ఆమె చెయ్యి లాగింది. తల పగలగొట్టడానికి ఇంకో ఆయుధం వెతకాల్సిన పని లేదనిపించింది.

"మీరు డ్రమ్ములు ఎక్కడ పగలగొట్టిన్రు?"

ఆ ప్రశ్నకు రామ్‌చందర్ మొహం మారింది. దాడి రోజు అతని ఫోటో పేపర్లో పడింది. హుషారుగా షెడ్డు వెనక్కి నడిచాడు. "గీడ మేడమ్, వరుసగ. గొడ్డళ్ళతోటి పగలగొడితే పులిసిన బెల్లం ఊట అంతా ఇట్ల కిందికి పారింది. మోకాళ్ళ దాక నురుగు. యూరియా బస్తాలు కూడ దొరికినయ్. గుడుంబాల కలుపుతరు గద, అవి సుతా చింపి దాంట్లనే పోసినం."

అతను చెయ్యి చూపించిన చోట గడ్డి ఉంది.

ఫ్లోరెన్స్ కదలకుండా చూసింది. షెడ్డు వెనకంతా నల్లటి పెచ్చు కట్టిన నేల, కాలితే రేగిన పుండులా. దాని మధ్య నుంచి వాలు వెంట ఒకే ఒక్క పట్టీ, పారబోసిన ఊట ఎటు పారిందో అటే, పచ్చగా గరిక, తుంగ. పైన కూలీలు స్నానాలు చేసే బోరింగు నుంచి మురుగు కాలువ ఆ పట్టీలోకే దిగుతోంది. ఆ పట్టీ అంతా గుంటలు గుంటలుగా కుళ్ళగించి ఉంది.

"ఇది ఎవరు తవ్విన్రు?"

"అడవి పందులు," అన్నాడు తుల్సీరాం. "బెల్లం వాసనకు వచ్చినయంట. వేసవంతా వచ్చినయని మేస్త్రీ చెప్పిండు."

ఆమె వంగి పిడికెడు మట్టి తీసింది. పొడిపొడిగా రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తొలకరి పడినప్పుడు పెరట్లో వచ్చే వాసన. రెండడుగులు పక్కకు జరిగి నల్లపెచ్చు గిల్లింది. లారీ మెకానిక్ షెడ్డు వాసన, గోళ్ళకు అంటుకుని వదలని జిడ్డు.

నీళ్ళు, యూరియా, గాలి. క్రాంతికుమార్ పసిపిల్లల్లా చూసుకోవాలన్నవాటిని ఎక్సైజు వాళ్ళు పారబోశారు. కూలీల మురుగు తడిపింది. పందులు దున్నాయి. ఎవరూ పెంచాలనుకోకుండానే అవి పెరిగి, నాలుగు నెలల్లో నేలను బాగుచేశాయి. సోమవారం ఆయన చూసింది దీన్నే. ఫోనులో అరిచింది అందుకే.

గడ్డిలో రెండు గుండ్రటి రంధ్రాలు కనిపించాయి, ఇనుప గొట్టం మందాన. నమూనాలు తీశాడన్నమాట.

ఆమె లేచి బడి ముందు మైదానం వైపు చూసింది. అక్కడ గడ్డి లేదు, నల్లపెచ్చూ లేదు. ఒక చివర నుంచి మరో చివర దాకా ఎర్రటి మొరం, చక్కగా చదును చేసి ఉంది. డ్రమ్ములు పోయాక కూడా బాక్టీరియాతోనే నేలంతా శుద్ధి చేయించామని బడి కట్టిన ట్రస్టు సెక్రటరీ ఆదినారాయణ అందరికీ చెప్పాడు. అధికారులు వచ్చి చూసి ఒప్పుకున్నారు కూడా.

"తుల్సీరాం, గడ్డపార పట్టుకురా."

మైదానంలో ఓ మూల ఇంకో గుండ్రటి రంధ్రం, మొరం ముద్ద కుక్కి మూసి ఉంది. దాని పక్కన తవ్వించింది. జానెడు ఎర్రమట్టి. ఆ కింద నలుపు.

"మూలకు కొంచెం మిగిలి ఉంటది మేడమ్," అన్నాడు రామ్‌చందర్.

"నడిమధ్యల తవ్వు."

నడిమధ్యలోనూ జానెడు ఎరుపు, కింద నలుపు. వసతి గది కిటికీ కింద తవ్వించింది. అంతే. కిటికీలోంచి కొత్త మంచాలు వరుసగా కనిపిస్తున్నాయి. వాలు దిగువన వంటశాల, దాని పక్కన తాగునీటి బోరు.

రామ్‌చందర్ బూటు కొనతో ఆ నలుపును గెలికాడు.

"ఇక్కడ బాక్టీరియా పొయ్యలేదు. మొరం పోసిన్రు, అంతే," అంది ఫ్లోరెన్స్. "బాగైన నేల ఈ ఆవరణ మొత్తంల మీరు పారబోసిన చోటే. అది చూసినోడు నోరు తెరిస్తే ఈ మైదానం అబద్ధమని తేలిపోతది. అందుకే చంపిన్రు. ఇప్పుడు చెప్పండి. డ్రమ్ముల సంగతి మీకు ఎవరు చెప్పిన్రు?"

"ఇన్ఫార్మరు పేరు చెప్పం. మీకూ తెల్సు ఆ రూలు."

"ఆ డ్రమ్ములు పోతేనే మొరం పొయ్యడానికి వీలైంది. పోగొట్టించినోడికి ఈ చావుతో సంబంధం ఉంది. మీరు చెప్పకుంటే ఆ జాగల మీ పేరు రాస్త."

"నన్ను బెదిరిస్తున్నరా?"

"బువ్వ తినే పిల్లలు సోమవారం వస్తున్నరు రామ్‌చందర్ గారూ. నాకు బెదిరించే తీరిక లేదు."

అతని మొహం కందగడ్డయింది. "అంత తీరిక లేకుంటే ఇంత దూరం వచ్చి నన్నెందుకు అడుగుతున్నరు? మీ ఇంట్ల అడుగుండ్రి! ఫోను చేసింది మీ ఇంటాయన. జకర్యా మాస్టరు. 'పిల్లలుండే జాగల సారా కాస్తున్నరు, నా కళ్ళతోటి చూసిన' అని చెప్పిండు. పేరు బయటపెట్టొద్దని బతిమిలాడితే ఇన్నాళ్ళు దాచిన."

తుల్సీరాం గడ్డపార పట్టుకుని మరో వైపు తిరిగి నిలబడ్డాడు. అతనూ విన్నాడు.

*

ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. సగం సామాను మూటల్లో ఉంది. జకర్యా పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఫ్లోరెన్స్ అక్కడికే వెళ్ళింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు.

"ఫిబ్రవరిల ఎక్సైజుకు ఫోను చేసింది మీరేనా?"

అతను చేతులు కడుక్కోవడం ఆపలేదు. "అవ్. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి చెప్పొద్దని నీకు చెప్పలే. దానికేంది?"

"అది సారా కాదు."

అప్పుడు ఆపాడు. ఆమె చూసిందంతా చెప్పింది. గడ్డి, మొరం, కిటికీ కింద నలుపు, తోమిన ఇనుప గొట్టం. అతను తొట్టి గోడ మీద మెల్లగా కూర్చున్నాడు.

"ఇంటర్వ్యూకు పోయిన నాడు ఆదినారాయణ గారు ఆవరణంతా తిప్పి చూపించిండు. షెడ్డు కాడ ఆగి డ్రమ్ము మూత తీసిండు. నురుగు, పులిసిన బెల్లం వాసన. ఆ వాసన నాకు కొత్తనా ఫ్లోరెన్స్? చిన్నప్పుడు మా నాయన నోట్లోంచి రోజూ వచ్చేది అదే. 'శాస్త్రం పేరు చెప్పి గిదీ ఈయన చేసే పని మాస్టారూ, పైసల కాడ మాకు పడదు, నేను చెప్తే పగ అంటరు, మీలాంటి పెద్దమనిషి చెప్తే నమ్ముతరు' అన్నడు. నేను ఆ మనిషిని ఒక్క మాట అడగలే. ఇదేందయ్యా అని అడిగితే చెప్పేటోడు కదా."

ఓదార్చడానికి ఆమెకు ఆ యూనిఫాంలో హక్కు లేదనిపించింది.

"మూత తీసింది ఆదినారాయణ అని చెప్పేటోళ్ళు ఇంకెవరన్నా ఉన్నరా?"

"లేరు. మేమిద్దరమే."

"అయితే మీరు చెప్పకపోతే ఆదినారాయణ మీద ఏదీ నిలవదు. చెప్పాలో వద్దో నేను అడగను. అడిగితే రేపు కోర్టుల పెళ్ళాం చెప్పించిందంటరు. మీరు సాక్షి అయితే ఈ కేసు కూడ నా దగ్గర ఉండదు, వేరేవాళ్ళకు ఇస్తరు."

లోపల ఫోను మోగింది. ఆరాధన ఎత్తి, "నాన్నా, సెక్రటరీ సార్!" అని కేక వేసింది.

ఆదినారాయణ గొంతు రిసీవరు దాటి వినిపించేంత పెద్దది. "మాస్టారూ, లారీ పొద్దున్నే వస్తది. ఎత్తడానికి మనుషులను కూడ పంపుతున్న. మేడమ్‌గారు ఇంటికి చేరిన్రా? సైటుల మూడు చోట్ల తవ్విన్రంట. ఎండల అంత కష్టమెందుకు? మీరు మా మనిషి మాస్టారూ. ఆ ఫోను సంగతి నేను ఎవ్వరికీ చెప్పలే, చెప్పను కూడ. ఒక మనిషి జైలుకు పోయిండు, ఉద్యోగం పోయింది, ఆఖరికి పాణం పోయింది. దాని వెనక ఒక హెడ్మాస్టరు ఉన్నడంటే జనం బాగనుకోరు. బిడ్డకు హాస్టల్ల మంచం కిటికీ పక్కనే వేయించిన."

జకర్యా ఫోను పెట్టేశాడు. చెయ్యి మాత్రం రిసీవరు మీదే చాలాసేపు ఉండిపోయింది.

అన్నాలకు కూర్చున్నారు. ఇన్నమ్మ పప్పు వడ్డించింది. ప్రార్థన ఎప్పుడూ జకర్యాయే చేస్తాడు. ఈరోజు చాలా పొట్టిగా చేశాడు. ఆమెన్ అన్నాక అన్నంలో చెయ్యి పెట్టలేదు.

"అందరూ ఒకసారి వినండి," అన్నాడు. క్లాసులో హాజరు పిలిచేటప్పటి గొంతు, అంతే మెల్లగా. "సోమవారం నేను ఆ బడిల చేరట్లేదు. రేపు లారీ వస్తే వట్టిదే పంపిస్త. తర్వాత డీఎస్పీ దగ్గరికి పోయి, డ్రమ్ము మూత ఎవరు తీసి చూపించిన్రో, ఫోను ఎవరి మాట పట్టుకుని చేసిన్నో చెప్త. కోర్టుల కూడ చెప్త. బడి తెరవకుండా ఆపాలంటే అది చాలు. చచ్చిపోయినాయన తాగుబోతు కాదు. ఆయనను జైలుకు పంపింది నేను. అది కూడ పేపర్ల వస్తది, చర్చిల అనుకుంటరు. మీరు వినాల్సి వస్తది."

ఇన్నమ్మ గరిటె గిన్నెలోనే వదిలేసి కొడుకు మొహంలోకి చూసింది. అతను ఏ ఉద్యోగం వదులుకున్నాడో, ఏ ఉద్యోగం చెయ్యబోవడం లేదో ఆమెకు అర్థమైంది.

"మరి నేనెక్కడ చదవాలె?" అంది ఆరాధన.

"నీ పాత బడిలనే." జకర్యా కంచం దగ్గరకు లాక్కున్నాడు. "కానీ ఒక్కదానివే పోవద్దు బిడ్డా. ఇక నుంచి నేనే తీస్కపోయి, నేనే తీస్కొస్త."